రెండు ఆవులూ ఒకదానికొకటి తల్లి

తమిళనాట విరుదునగర్‌లో మా ఆఫీసు ఒక పప్పుల గోదాము పైన ఉండేది. కింద మూటలు దించుతుంటే మా బల్లల మీద మంచినీళ్ళ సీసాలు వణికేవి. నేను కోవిల్‌పట్టి నుంచి రోజూ పొద్దున బస్సెక్కి, సాత్తూరు దాటేసరికి ఒక కునుకు తీసి, ఆఫీసుకు చేరేదాన్ని. అక్కడ పట్టుమని పదిమందిమి కూడా లేము. అందులో తెలుగు మాట్లాడేది ఇద్దరమే, నేనూ ఒక స్నేహితురాలూ.

ఆమెది గుంటూరు వైపు. భర్తకు రైల్వే ఉద్యోగం, విరుదునగర్ జంక్షన్‌కు బదిలీ మీద వచ్చారు. నేను మొదటిసారి నోరు తెరిచి, "నీకు సల్ల కావాల్నా?" అని మజ్జిగ డబ్బా ముందుకు జరిపినప్పుడు ఆమె పకపకా నవ్వింది. "సల్ల! మా నాయనమ్మ పోయాక ఆ మాట ఎవరి నోటా వినలేదు నేను. ఏదీ, ఇంకోసారి అను" అంది. తరాలుగా తమిళనాట ఉండిపోయిన మా ఇంట్లో తెలుగు మాట్లాడుకునే భాషే గాని చదువుకునే భాష కాదు. నేను బళ్ళో చదివింది అంతా తమిళం. అది తెలిసి ఆమె మధ్యాహ్నం అన్నాలయ్యాక నాకు అక్షరాలు నేర్పడం మొదలుపెట్టింది. ఈనాడు ఇది ఇలా రాయగలుగుతున్నానంటే ఆ అరగంటల చలవే.

మా ఆఫీసు ఒక పాల సేకరణ సంస్థకు సాఫ్ట్‌వేర్ రాసి ఇచ్చింది. ఏ ఊళ్ళో ఏ రైతు, ఆయనకు ఎన్ని ఆవులు, ఏ ఆవు చెవికి ఏ నంబరు బిళ్ళ, దాని తల్లి ఏది, ఎప్పుడు ఈనింది, ఏ జబ్బు చేసింది, పొద్దునా సాయంత్రం ఎన్ని పాలు పోశారు, అన్నీ అందులో ఉండేవి. అన్నీ వేరువేరు పట్టికల్లో ఉండి ఒకదాన్నొకటి పట్టుకుని ఉండేవి. మేము ఏ చిన్న మార్పు చేసినా ఆ మొత్తం డేటా నకలు మీద పరీక్షించాల్సి వచ్చేది. పరీక్ష మొదలుపెట్టి బజారుకు పోయి కూరగాయలు కొనుక్కొచ్చినా అది ఇంకా నడుస్తూనే ఉండేది. పైగా అందులో రైతుల ఫోన్ నంబర్లూ, ఇళ్ళ వివరాలూ ఉన్నాయి. అది మా సారుకు నచ్చలేదు. ఆయన మెల్లగా మాట్లాడే తమిళుడు, పెద్దమనిషి.

"ఊరి జనం గుట్టంతా మన లాప్‌టాపుల్లో ఎందుకమ్మా? చిన్న ముక్క ఒకటి తీయండి. చిన్నదైనా తెగిపోయినట్టు ఉండకూడదు. పేర్లు మార్చేయండి" అని మా ఇద్దరికీ ఆ పని అప్పగించాడు.

చిన్న ముక్క తీయడం ఏం కష్టం అనుకున్నాను. ప్రతి పట్టిక నుంచీ మొదటి కొన్ని వరుసలు తీసుకొచ్చి కొత్త డేటాబేస్‌లో పెట్టబోయాను. అది ఒప్పుకోలేదు. పాలు వచ్చాయి గాని ఆ పాలిచ్చిన ఆవు రాలేదు. ఆవు వచ్చింది గాని దాని యజమాని వెనకే ఉండిపోయాడు. ఆవే లేని దూడ, ఊరే లేని రైతు. నా స్నేహితురాలు చూసి, "పెళ్ళికి పిలిచి తాళం వేసిన ఇంటికి తీసుకొచ్చినట్టుంది" అంది.

సరే, ఒక మనిషి దగ్గర మొదలుపెట్టి ఆమెకు సంబంధించినవన్నీ పోగుచేద్దాం అనుకున్నాం. ఎవరి దగ్గర? మా అవ్వ దగ్గర. పుదూరు పక్కన నల్లరేగడి పల్లెలో మా అమ్మను కన్న అవ్వ ఉంది. ఆమె ఆ సంస్థకే పాలు పోస్తుంది. తెలిసిన మనిషైతే తప్పు వస్తే తెలిసిపోతుంది కదా అని.

ఆ రోజు అవ్వతో పాటు జిల్లా అంతా బయల్దేరి వచ్చింది. అవ్వను పట్టుకుంటే ఊరు వచ్చింది, ఊరిని పట్టుకుంటే ఊళ్ళో రైతులందరూ వచ్చారు, వాళ్ళ ఆవులు వచ్చాయి, వాటికి సూది వేసిన డాక్టరు వచ్చాడు, డాక్టరును పట్టుకుని ఆయన తిరిగే ఊళ్ళన్నీ వచ్చాయి. రెండు రోజులు తల బద్దలు కొట్టుకున్నాక దారి దొరికింది. ఒక వరుస నిలబడటానికి దేని మీద ఆధారపడిందో దాన్ని మాత్రం తప్పకుండా తీసుకురావాలి. ఆవుకు యజమాని, యజమానికి ఊరు. కిందికి దిగేటప్పుడు మాత్రం మనం ఎంచుకున్నచోటే దిగాలి. ఊరు వచ్చింది కదా అని ఊరందరినీ పిలవక్కర్లేదు.

అలా సర్దుకుని మళ్ళీ నడిపాం. అన్నీ చక్కగా వస్తున్నాయి. ఆవుల పట్టిక దగ్గరికి వచ్చేసరికి అది ఆగలేదు. ఆవుకు తల్లి కావాలి, ఆ తల్లికి తల్లి కావాలి. అలా ఎక్కుతూ పోతే ఎక్కడో ఒకచోట తల్లి తెలియని ఆవు వచ్చి ఆగాలి. నా లాప్‌టాప్ వేడెక్కి రొదపెడుతోంది. నా స్నేహితురాలు తెర మీదికి వంగి చూసింది.

"ఇదుగో, రెండు నంబర్లే మళ్ళీమళ్ళీ వస్తున్నాయి. దీని తల్లి అది. దాని తల్లి ఇది."

చూస్తే ఒకటి మా అవ్వ కొట్టంలో ఉన్న సెవల. సెవల అంటే మా వైపు ఎర్రావు. రెండోది పక్క పల్లెలో ఒకరింట ఉన్న మయిల, అంటే బూడిదరంగుది. సెవలకు తల్లి మయిల, మయిలకు తల్లి సెవల.

"ఇది బ్రహ్మదేవుడు చేసిన తప్పన్నా కావాలి, మనుషులు చేసిన తప్పన్నా కావాలి" అంది ఆమె. "పద, ఆదివారం మీ అవ్వను అడుగుదాం."

అరుప్పుకోట్టైలో బస్సు మారాం. మగ్గాల చప్పుడు బస్టాండు దాకా వినిపిస్తుంటే ఆమె చెవి ఒగ్గి వింది. అక్కడి నుంచి పుదూరు బస్సు. దారి పొడుగునా వాన కోసం దున్ని పెట్టిన నల్లటి చేలు.

అవ్వ వాకిట్లోనే ఎదురొచ్చింది. నా స్నేహితురాలి గడ్డం పట్టుకుని చూసింది.

"యా ఊరు పాపా నీది?"

"గుంటూరు దగ్గర, మామ్మగారూ."

"అది యాడుండాది? మెడ్రాసు దాటల్నా?"

"దాటి చాలా దూరం పోవాలండీ."

"అంత దూరంలో కూడా మన మాటే మాట్లాడతారా?" అని అవ్వ నావైపు తిరిగి ఆశ్చర్యపోయింది. ఆమె అన్న ఆ మాటకు నా స్నేహితురాలికి నవ్వు ఆగలేదు. చెంబెడు సల్ల తాగాక గాని మమ్మల్ని కొట్టంలోకి పోనివ్వలేదు.

సెవల తలుపు వైపు తిరిగి నెమరేస్తోంది. నేను అడిగాను. "అవ్వా, దీని తల్లి ఎవురు?"

"పెద్ద సెవల. అదీ ఇట్లనే ఎర్రగ ఉండె. దీన్ని ఈనిన నాడే సచ్చిపోయె పాపం."

"మరి చెవికి బిళ్ళ ఏసేవాళ్ళు వచ్చినబ్బుడు మయిల అని చెప్పినావే?"

"అవును, చెప్తిని." అవ్వకు నా ప్రశ్నే అర్థం కాలేదు. "ఇది పుట్టినబ్బుడు మయిల మన కాడనే ఉండె కదా. అదీ ఈని కొన్నినాళ్ళే. తల్లి లేని దూడను తెచ్చి దాని కాడ ఇడిస్తిమి. తన్నుతాదేమో అని నాకు బయం. తన్నలే. తన దూడ ఒక పక్క, ఇది ఒక పక్క. రెండిటినీ నాకి నాకి పెంచె. తల్లి ఎవురని ఆ బిళ్ళలేసే పిల్లోడు అడిగె. పాలిచ్చి పెంచినదాన్ని ఇడిసిపెట్టి ఇంకెవుర్ని చెప్పల్ల?"

"మయిలకు తల్లి ఎవురు మామ్మగారూ?" అని అడిగింది నా స్నేహితురాలు.

"అదీ పెద్ద సెవల బిడ్డే. ముందు ఈతది. దీనికి సొంత అక్క."

తరువాత ఏం జరిగి ఉంటుందో అక్కడే తేలిపోయింది. మయిలను అవ్వ పక్క పల్లెలో తన ఒదినె వరస ఆమెకు అమ్మింది. అక్కడికి బిళ్ళలు వేసేవాళ్ళు పోయినప్పుడు తల్లి ఎవరని అడిగితే ఆమె నిజమే చెప్పింది: సెవల, ఫలానా ఇంటిది. వాళ్ళు మా అవ్వ ఇంటి ఆవుల్లో సెవల పేరు వెతికితే బతికున్నది ఒక్కటే దొరికింది. అవ్వ చెప్పిన మయిల ఇదే కనుక సెవల తల్లిగా దీని నంబరూ అప్పుడే ఎక్కించారు. మా ఇంట ఎర్రగా పుట్టిందల్లా సెవలే అని వాళ్ళకేం తెలుసు! ఇద్దరు ఆడవాళ్ళలో ఎవరూ అబద్ధం చెప్పలేదు. అయినా అక్కాచెల్లెళ్ళు ఒకదానికొకటి తల్లులై కూర్చున్నాయి.

నేను కడుపు పట్టుకుని నవ్వుతున్నాను. నా స్నేహితురాలు మాత్రం నవ్వలేదు. సెవల దగ్గరికి పోయి దాని గంగడోలు నిమురుతూ నిలబడింది.

తిరుగు బస్సులో కిటికీ పక్కన కూర్చుని చెప్పింది. "మా అమ్మ ముఖం నాకు గుర్తు లేదు. నన్ను పెంచింది మా అక్కే. అక్కకు అప్పుడు పెళ్ళి కూడా కాలేదు. ఎవరైనా మీ అమ్మగారు ఎలా ఉన్నారని అడిగితే, బాగున్నారండీ అనేస్తాను. అక్కను తలుచుకునే అంటాను. అబద్ధం చెప్తున్నానని ఏనాడూ అనిపించలేదు."

ఆమె చేతి మీద చెయ్యి వేశాను. ఆమె తీసేయలేదు. అరుప్పుకోట్టైలో దిగి జామకాయలు కొనుక్కుని, ఉప్పూకారం అద్దుకుని తింటూ విరుదునగర్ బస్సు కోసం నిలబడ్డాం. ఆమె వాళ్ళ అక్కకు ఫోన్ చేసి ఆవుల కథ అంతా చెప్పింది. అవతల అక్క ఏమందో గాని ఇవతల ఈమె కళ్ళు తుడుచుకుంటూ నవ్వింది.

సోమవారం సారుకు చెప్పాం. ఆయన మొదట కళ్ళజోడు తీసి మరీ నవ్వాడు. అసలు డేటాలో తప్పు ఉందని పాల సంస్థకు చెప్పమన్నాడు. వాళ్ళు పెద్ద సెవలను చనిపోయిన ఆవుగా కొత్తగా చేర్చి, రెండిటికీ దాన్నే తల్లిగా రాశారు. నేను మా చిన్న ముక్కలో కూడా అలాగే దిద్దబోతుంటే సారు ఆపాడు.

"అందులో అలాగే ఉండనీ అమ్మా. నిజం ఊళ్ళో ఇలాంటివి ఇంకా ఉంటాయి. మన ప్రోగ్రాం వాటి చుట్టూ తిరుగుతూ ఉండిపోకూడదంటే మన దగ్గర ఒకటైనా ఉండాలి."

అప్పుడు ఒకసారి చూసిన వరుసను గుర్తుంచుకుని మళ్ళీ దాని వెంట పోకుండా ప్రోగ్రాంను మార్చాం. అవ్వా, ఆమె ఆవులూ, చుట్టుపక్కల నాలుగిళ్ళూ, కొన్ని రోజుల పాలూ, అన్నీ ఒకదాన్నొకటి వదలకుండా వచ్చి కూర్చున్నాయి. ఒక కప్పు టీ చల్లారేలోపల పరీక్ష అయిపోయేది. ఆఫీసులో అందరూ మా ఇద్దరినీ పిలిచి మరీ కృతజ్ఞతలు చెప్పారు. కింద గోదాము నుంచి వేరుశనగలు తెప్పించుకుని వేయించుకు తిన్నాం.

చివరగా పేర్లు మార్చే పని మిగిలింది. మనుషులందరికీ కొత్త పేర్లు, కొత్త ఫోన్ నంబర్లు పెట్టాలి. ఒక మనిషి పేరు ఒకచోట మారిస్తే అన్నిచోట్లా అదే మారాలి. నా స్నేహితురాలు సరదాపడి వాళ్ళ ఊరి వైపు పేర్లన్నీ తెచ్చి మా కరిసల్, అంటే నల్లరేగడి, రైతులకు పెట్టింది.

తరువాత ఊరికి పోయినప్పుడు అవ్వకు చెప్పాను. "అవ్వా, మా కంప్యూటర్లో నీ పేరు మార్చేసినాము. నువ్వెవురో ఎవురికీ తెలీకూడదని."

ఆమె వక్క నములుతూ ఆగింది. "ఏం పేరు పెట్టినారు?"

చెప్పాను. గుంటూరు వైపు పేరు, కొంచెం పొడుగ్గా ఉంటుంది. అవ్వ దాన్ని రెండు ముక్కలు చేసి, నోట్లో తిప్పి తిప్పి పలికి చూసుకుంది. నచ్చినట్టే ఉంది.

"బాగనే ఉండాది. ఆవులకు కూడా మార్చినారా?"

"లేదవ్వా. వాటికి పాత పేర్లే."

"సరి, సరి. వాటి జోలికి పోవద్దండి. పిలిస్తే పలకవు" అని ఆమె లేచి కొట్టంలోకి కుడితి తీసుకుపోయింది.