మరిచినా మాడని పొయ్యి

మా ఆయన భూగోళాన్ని కాపాడడం మొదలుపెట్టిన దగ్గర్నుంచి మా ఇంట్లో సబ్బు నురగ రావడం మానేసింది. కుంకుడుకాయ పొడితో గిన్నెలు, వెదురు బ్రష్‌తో పళ్ళు, కొబ్బరి పీచుతో వీపు. ఏ వస్తువు మీదైనా పచ్చటి ఆకు బొమ్మ కనిపిస్తే చాలు, ఈ మనిషి వేలు ఫోన్ మీద ఆగదు. ఆ వచ్చేవన్నీ మూడు పొరల ప్లాస్టిక్ చుట్టుకుని, అట్టపెట్టెలో ఇంకో అట్టపెట్టెగా మా శంషాబాద్ కాలనీకి దిగుతాయి. ఆ బుడగల కవర్లు పారేస్తే భూగోళానికి ద్రోహం అంటాడు కాబట్టి అన్నీ మంచం కింద కుక్కాను. ఇప్పుడు ఆ మంచం కిందికి చీపురు పోదు.

నేను మాత్రం ఏం తక్కువ తిన్నాను లెండి. ఎయిర్‌పోర్ట్ దగ్గర ఒక హోటల్లో హౌస్‌కీపింగ్ చూస్తాను. ప్రతి బాత్రూంలో "భూమిని కాపాడండి, తువ్వాలు మళ్ళీ వాడండి" అని కార్డు పెట్టించేది నేనే. వచ్చిన దొరలు ఆ తువ్వాలుతో బూట్లు తుడుచుకుని, ఏసీ పదహారు మీద వదిలేసి, ఫ్లైట్ ఎక్కి పోతారు. కార్డు మాత్రం నలగకుండా అలాగే ఉంటుంది.

ఒకరోజు మా ఆయన సోలార్ కుక్కర్ తెప్పించాడు. సూట్‌కేసంత పెట్టె. లోపలంతా నల్ల రంగు, పైన గాజు పలక, మూతకు అద్దం. నల్ల డబ్బాల్లో బియ్యం, పప్పు పెట్టి అద్దాన్ని ఎండకు తిప్పితే గ్యాస్ లేకుండా, కరెంటు లేకుండా ఉడుకుతుందట. మొదటి ఆదివారం కిచిడీ పెట్టాడు. మధ్యలో మబ్బు పట్టింది. కాలనీ అంతా భోంచేసి, ఒక కునుకు తీసి లేచే వేళకు మాకు సగం కిచిడీ, సగం నానిన బియ్యం తయారయ్యాయి.

"దీనికి జర ఓపిక ఉండాలె," అన్నాడు.

"ఓపిక ఉంది. ఆకలి కూడ ఉంది," అన్నాను.

రెండో ఆదివారానికి మోజు తీరింది. పెట్టె డాబా మీద దుమ్ము కొట్టుకుంటూ పడి ఉంది.

ఇంతలో మాతోనే ఉండే మా అత్తమ్మ సంగతి ముదిరింది. అత్తమ్మది ఈ పక్క ఊరే. ఇప్పుడు ప్లాట్లుగా కోసేసిన భూముల్లో ఒకప్పుడు వీళ్ళ వరి పండేది. నాట్లప్పుడు ఇరవై మంది కూలీలకు ఒక్కచేత్తో వండి పెట్టిన మనిషి. కందుకూరు నుంచి కోడలిగా వచ్చిన నాకు, "మీ తల్లిగారింట్ల పప్పు గిట్లనే నీళ్ళలెక్క వండుతరా?" అని మొదటి రోజే స్వాగతం చెప్పింది. అట్లాంటి మనిషికి మతిమరుపు మొదలైంది. ఒకసారి గ్యాస్ వెలిగించి మరిచిపోయింది. ఇంకోసారి వెలిగించి మరిచిపోయింది. మూడోసారి తిప్పింది కానీ వెలిగించడమే మరిచిపోయింది. నేను డ్యూటీ నుంచి వచ్చేసరికి ఇల్లంతా గ్యాస్ వాసన, ఈమె హాల్లో కూర్చుని తీరిగ్గా చిక్కుడుకాయలు తుంచుతోంది. నా పై ప్రాణాలు పైనే పోయాయి. దవాఖానాలో డాక్టరమ్మ, "ఇగ పొయ్యి దగ్గరికి పోనియ్యకండి," అని తేల్చేసింది.

మర్నాటి నుంచి స్టవ్ నాబ్‌లు రెండూ పీకి హ్యాండ్‌బ్యాగ్‌లో వేసుకుని డ్యూటీకి పోవడం మొదలుపెట్టాను. హోటల్ గేటు దగ్గర స్కానర్‌లో అవి కనిపించి సెక్యూరిటీ ఆయన రోజూ నన్ను ఎగాదిగా చూసేవాడు.

అత్తమ్మ మొదటి రోజు బోడి స్టవ్‌ని చూసి, "ఏంది పిల్లా, పొయ్యికి ముక్కు చెవులు కోసినవ్?" అంది. నేను నవ్వాను. ఆమె నవ్వలేదు. తర్వాత కొన్నాళ్ళకు, నేను చెప్పులు వేసుకుంటుంటే వెనక నుంచి అడిగింది.

"పొద్దంత నేను యాడ కూసోవాలె బిడ్డా?"

"హాల్ల కూసో అత్తమ్మా, టీవీ పెట్టుకో," అన్నాను. అడిగింది దాని గురించి కాదని నాకు తెలుసు. బస్సుకు టైమైందని పారిపోయాను.

ఎండలు ముదిరిన రోజుల్లో ఒకసారి నాకు మధ్యాహ్నమే డ్యూటీ అయిపోయింది. ఇంటికి వస్తే తలుపు దగ్గరికి వేసి ఉంది, అత్తమ్మ లేదు. బాత్రూం చూశాను, వీధి చూశాను. చివరికి డాబా ఎక్కితే వాటర్ ట్యాంక్ నీడలో పీట వేసుకుని కూర్చుని ఉంది. ముందర ఆ నల్ల పెట్టె. నన్ను చూసి దొంగతనం బయటపడ్డట్టు ముఖం పెట్టింది.

"పొద్దుగాల కందిపప్పు, చుక్కకూర ఏసి పెట్టిన. కిందికి పోయి మరిచిపోయిన. ఇప్పుడు యాదికొచ్చి ఉరికొచ్చిన," అంది. గుడ్డతో మూత ఎత్తింది. ఆవిరి గుప్పుమంది. పప్పు వెన్నలా ఉడికింది. "సూడు బిడ్డా, మరిచిపోయినా మాడలే!"

మంట లేదు, గ్యాస్ లేదు, అడుగంటేది లేదు. మరిచిపోతే ఇంకాస్త మెత్తబడుతుంది, అంతే. పచ్చటి ఆకు బొమ్మలన్నిటికీ కలిపి మా ఆయన కొన్న ఒకే ఒక్క మంచి వస్తువు అదని ఆ క్షణాన ఒప్పుకున్నాను, కానీ ఆయనకు చెప్పలేదు. చెబితే ఇంకో పది కొంటాడు.

ఆనాటి నుంచి డాబాయే ఆమె వంటిల్లు. పొద్దున్నే పప్పు కడిగి పైకి మోసుకుపోవడం, విమానాలు నెత్తి మీద నుంచి పోతుంటే పెట్టెను ఎండ వైపు తిప్పడం, కొంగుతో గాజు తుడవడం. పోపు మాత్రం సాయంత్రం నేను వచ్చి వేసేదాన్ని. "పోపు మాడ్సినవ్," అని రోజూ తిట్టేది. ఆ తిట్లు మళ్ళీ వినబడుతుంటే ఇంట్లోకి మనిషి తిరిగొచ్చినట్టుండేది.

ఆ సుఖం ఎన్నాళ్ళు? పక్కింటి పెద్దాయన ఒక సాయంత్రం వచ్చాడు. రిటైరై కాకినాడ వైపు నుంచి వచ్చి ఇక్కడ ఇల్లు కట్టుకున్నాడు. మా కాలనీ సెక్రటరీ.

"ఏమనుకోకండమ్మా. మీ డాబా మీద ఆ అద్దం తళుక్కుమంటోందండీ. పైలట్ల కళ్ళల్లో పడితే ఎంత ప్రమాదమో ఆలోచించండి. రేపు ఏదైనా జరిగితే కాలనీ మొత్తానికి చెడ్డపేరు కదండీ," అన్నాడు.

ఈయన ఇంటి ముందు భాగమంతా కింది నుంచి పై దాకా నీలం గాజే. పైలట్లు దాన్ని చూసి ఎలా తట్టుకుంటున్నారో మరి. మర్నాడు నాకు వీక్లీ ఆఫ్. డాబా మీద నిలబడి చూశాను. పదకొండు గంటలకు ఆ మెరుపు సరిగ్గా సెక్రటరీ గారి హాలు కిటికీలోంచి దూరి టీవీ మీద కూర్చుంటోంది. ప్రమాదం విమానాలకు కాదు, ఆయన సీరియల్‌కు.

"పెట్టెను ట్యాంకు అవతలికి జరుపుదాం, అయిపాయె," అని మా ఆయనకు చెప్పాను. వింటేనా? కాలనీలో హరిత కమిటీ వేస్తున్నారు, సెక్రటరీ గారు మా ఆయన్ని కన్వీనర్‌ను చేస్తానన్నారు. ఇప్పుడాయనతో లొల్లి ఎందుకని ఈ హరిత వీరుడు పెట్టెను దించి కారు డిక్కీలో పెట్టాడు. మా ఇంట్లో నిజంగా పనికొచ్చిన ఒక్క హరిత వస్తువునీ హరిత కమిటీ కోసం మాయం చేశాడన్నమాట.

"అమ్మకు మెల్లగ చెప్త తీ," అన్నాడు. హోటల్లో ఏదో కాన్ఫరెన్స్, గదులన్నీ నిండి ఉన్నాయి. నేను కూడా సరేలే అని వదిలేశాను. ఆ తప్పు నాది.

ఆయన చెప్పలేదు. రెండో రోజు సాయంత్రం నేను ఇల్లు చేరేసరికి బీరువా తలుపులు బార్లా తెరిచి ఉన్నాయి. బట్టలు నేల మీద. మంచం కింది బుడగల కవర్లు హాలంతా పరిచి ఉన్నాయి. అత్తమ్మ వంటింట్లో చతికిలబడి బియ్యం డబ్బాలో మోచేతి దాకా చెయ్యి పెట్టి కెలుకుతోంది.

"ఏం దేవులాడుతున్నవ్ అత్తమ్మా?"

తల వంచుకుని చేతికంటిన బియ్యం దులుపుకుంది.

"నా పొయ్యి యాడ వెట్టిన్నో యాదికొస్తలేదు బిడ్డా," అంది. "నిన్నటి సంది దేవులాడుతున్న. అంత పెద్ద పెట్టె గూడ మరిచిపోతరా ఎవరన్న? కొడుకుకు చెప్పకు. పరేషాన్ అయితడు."

అప్పటికప్పుడు నిజం చెప్పేదాన్నే. కానీ తీసినవాడే చెప్పాలని పంతం పట్టాను. మా ఆయన కారు దిగగానే గేటు దగ్గరే నిలబెట్టి నోటికొచ్చినట్టు కడిగేశాను. "బియ్యం డబ్బాల దేవులాడుతున్నది మీ అమ్మ! నీ కమిటీ మీద మన్ను వొయ్య!" అన్నాను. ఆయన ముఖం మాడిపోయింది. "పొద్దుగాల చెప్త," అన్నాడు.

పొద్దున ఏం చేశాడో తెలుసా? ఎవరూ లేవకముందే పెట్టెను డాబా మీదికి మోసి, ట్యాంకు అవతల పెట్టి, చేతులు దులుపుకుని కిందికొచ్చాడు. "కనవడ్తది, ఖుష్ అయితది. ఇగ చెప్పుడెందుకు?" అన్నాడు. నేను చెయ్యి పట్టుకుని మళ్ళీ పైకి ఈడ్చుకుపోయాను.

మేము ఎక్కేసరికే అత్తమ్మ అక్కడ ఉంది. పెట్టెను రెండు చేతులతో తడుముతోంది. పక్క డాబా మీద సెక్రటరీ గారు కుండీలకు నీళ్ళు పోస్తున్నాడు.

"సారూ, నా పొయ్యి దొరికింది!" అని పిట్టగోడ మీది నుంచి ఆయనకు చెప్పింది. "నేనే ట్యాంకు ఎన్క వెట్టి మరిచిన. రెండు దినాల సంది ఇల్లంత దేవులాడిన. బుర్ర ఖరాబైంది సారూ, ఇగ నేను దేనికి పనికొస్త?"

నవ్వుతూనే అంది. ఆయన చేతిలో పైపు నుంచి నీళ్ళు కుండీలో కాకుండా పక్కన పోతున్నాయి. సెక్రటరీ గారు మా ఆయన వంక చూశాడు. నేనూ చూశాను.

మా ఆయన పెట్టె మీద చెయ్యి వేశాడు.

"నువ్వు మరువలేదమ్మా. నేనే తీసి కారు డిక్కీల పెట్టిన. పొద్దుగాల నేనే తెచ్చి ఈడ పెట్టిన."

అత్తమ్మకు ఒక్క నిమిషం అర్థం కాలేదు. అర్థమయ్యాక వచ్చి వీపు మీద ఫెడీమని ఒక్కటిచ్చింది. "దొంగ సచ్చినోడా! రెండు దినాలు నా పానం తోడినవ్ గదరా!"

రెండోది వేయడానికి ఎత్తిన చెయ్యి అలాగే ఆగింది.

"అంటే నేను మరువలే?"

"మరువలేదమ్మా."

ఆ ముసలి ముఖం వెలిగిపోయింది. పొయ్యి దొరికినందుకు అందులో సగం సంతోషం కూడా పడలేదు. నాకు ఏడుపు ఆగలేదు.

"మల్ల జెప్పు," అంది.

"నువ్వు మరువలేదు."

"గంత మెల్లగ కాదు," అంది, కొడుకు రెక్క పట్టుకుని పిట్టగోడ దగ్గరికి లాక్కుపోతూ. "సారుకు ఇనవడాలె. మల్ల జెప్పు."