ముడి వేసిన కవరును గడప దాటనివ్వని సుంకమ్మ

ముదిగుబ్బ నుంచి కదిరికి పోయే దారిలో, వేరుశనగ చేల నడుమ రేకుల షెడ్డు ఒకటి ఉన్నది. ఊరి చెత్త యావత్తూ అక్కడికే చేరుతుంది. పంచాయతీ వారు దాని గోడమీద పొడుగాటి పేరు వ్రాయించారు గాని, ఊరివారికి మాత్రం అది సుంకమ్మ షెడ్డు. తడి చెత్తను ఎరువు గుంతకు, అట్టపెట్టెలను, సీసాలను, చీలిన డ్రిప్పు పైపులను గుజిరీ వ్యాపారికి వేరుచేయడం ఆమె విధి. ఆ విధి నిర్వహణలో ఆమెకు ఒకటే కట్టుబాటు. ముడి వేసిన ప్లాస్టిక్ కవరును ఆమె గడప దాటనివ్వదు.

ఇందుకు కారణం ఊరివారు ఎరుగనిది కాదు. మిగిలిన అన్నాన్ని కుప్పలో పారవేయడం పాపమని ఇక్కడి వారి నమ్మకం. అందుచేత దానిని కవరులో పోసి, చీమలు పట్టకుండా గట్టిగా ముడి బిగించి, జీవాలు తింటాయిలే అని దారి పక్కన పెట్టి, పుణ్యం చేసిన తృప్తితో ఇంటికి మరలుతారు. గొర్రెకు ముడి విప్పడం రాదు. అన్నపు వాసనకు కవరుతో సహా మింగుతుంది. వానలు మొండిచేయి చూపి మేత కరువైన ఒక ఏట సుంకమ్మ గొర్రెల మంద ఆ విధంగానే నశించింది. కడుపులు ఉబ్బి ఒకదాని వెనుక ఒకటి కూలుతుంటే, ఆమె భర్త ఒక పొట్టేలు కడుపు కోసి చూశాడు. లోపల గడ్డిపరక లేదు. తాడులా పెనవేసుకొన్న కవర్లు, వాటికి ఇంకా విడని ముడులు ఉన్నాయి. మంద పోయిన తరువాతనే ఆమె చెత్తబండి పట్టింది. షెడ్డు పని కూడా పోతే, ఇరుగుపొరుగు వారివలె బెంగుళూరుకు పోయి ఇటుకలు మోయడమే ఆమెకు మిగిలిన దారి.

మొన్న మాఘమాసంలో, ఊరి కల్యాణమండపం నుంచి ట్రాక్టరు నిండా చెత్త వచ్చింది. మండపం విజయభాస్కర్‌ది. ఊరి రాజకీయాలు నడిచేది కూడా ఆయన వాకిట్లోనే. విస్తళ్లు, సాంబారు, నీళ్ల సీసాలు, పూలదండలు అన్నీ కలగలిపి కవర్లలో కుక్కి, ముడులు వేసి పంపించారు. సుంకమ్మ గేటుకు అడ్డంగా నిలుచున్నది.

"అడ్డం లెయ్ మే! ఎండ నెత్తికెక్కతాండాది," అన్నాడు డ్రైవరు కదిరప్ప.

"ముడులు విప్పుకోని రాపో అన్నా. దించనిచ్చేది లేదు."

"మూడు ముళ్లు వేసినోడే ఇప్పుకోలేక అల్లాడతాండాడు. ఇన్ని ముళ్లు నేనేం ఇప్పుదును?"

"అట్లయితే వేసినోళ్ల వాకిలికే పోదాం పా," అని ఆమె ట్రాలీ ఎక్కి కవర్లమీదనే కూర్చున్నది.

కదిరప్ప బెదిరి విజయభాస్కర్‌కు ఫోను చేసి, ఆమె చేతికిచ్చాడు.

"సుంకమ్మా, మర్యాదగా దించుకో. లేదంటే రేపటికి ఆ షెడ్డు తాళం ఇంకొకరి చేతిలో ఉంటాది," అన్నాడాయన.

"తాళం రొండినే ఉండాది సామీ. నేనే తెచ్చిస్తాండా," అని ఆమె ఫోను తిరిగి ఇచ్చివేసింది.

ట్రాక్టరు వెనక్కు మళ్లి చేరే సమయానికి మండపం ముందు మరొక పెండ్లికి పూలతోరణం కట్టి ఉన్నది. సుంకమ్మ ఆ తోరణం కిందనే టార్పాలిను పరచి, కవర్లు దించుకొని, ఒక్కొక్క ముడి విప్పసాగింది. పులిసిన సాంబారు కంపు సన్నాయి పాటతో కలిసి వీధి పొడుగునా పోయింది. తెల్లచొక్కా విజయభాస్కర్ పరుగున వచ్చాడు.

"ఏం పనిమే ఇది? పెండ్లోళ్లు వచ్చే యాళ!"

"నా పనే సామీ. ఆడ చేసేది ఈడ చేస్తాండా."

"నడివీధిలో నా పరువు తీస్తావా?"

"పరువును కవర్లో కట్టి పంపిండేది నువ్వు. నేను విప్పి చూపిస్తాండా, అంతే."

"తాళంచెవి పెట్టి పో!"

ఆమె నడుము దగ్గర రొండిన దోపుకొన్న తాళంచెవి తీసి ప్రహరీగోడమీద పెట్టింది. "ఇదో, ఉండాది. దీన్ని తీసుకుండేవాళ్లు ముందు ఈడ కూర్చోని ఇవన్నీ విప్పల్ల. ఎవరప్పా, రాండి."

మండపం వంటవారు రెండడుగులు వెనక్కు జరిగారు. కదిరప్ప ట్రాక్టరు టైరును శ్రద్ధగా పరీక్షించసాగాడు. అంతలో పెండ్లివారి బస్సు మలుపు తిరిగింది. విజయభాస్కర్ బస్సును చూశాడు, తోరణాన్ని చూశాడు, తాళంచెవి వైపు చేయి చాచి మరల వెనక్కు తీసుకొన్నాడు.

"నిలబడి ఏం చూస్తాండారు? విప్పండి!" అని వంటవారిమీద విరుచుకుపడ్డాడు.

అందరి చేతులూ పడేసరికి పని తెమిలింది. తాళంచెవి సుంకమ్మ రొండికే తిరిగి చేరింది. నాటినుంచి మండపం వెనుక తడికి ఒకటి, పొడికి ఒకటి డ్రమ్ములు నిలిచాయి. అయితే విజయభాస్కర్ ఆమెను క్షమించాడని ఎవరూ అనుకోవద్దు. షెడ్డుకు వేరొకరిని పెట్టాలని ఆయన నేటికీ పంచాయతీలో పట్టుపడుతూనే ఉన్నాడు. ఆ సంగతి తెలిసి కూడా సుంకమ్మ తన కట్టుబాటును సడలించలేదు.

తరువాతి పెండ్లిళ్ల లగ్గసరికి మండపం నుంచి ట్రాక్టరు వచ్చింది. విస్తళ్లు వేరు, సీసాలు వేరు, చక్కగా ఉన్నాయి. పైన మాత్రం ముడి వేసిన కవరు ఒకటి కనిపించింది. సుంకమ్మ గేటు మూసింది.

"ఒగటే కదమ్మే!" అన్నాడు కదిరప్ప, దండం పెట్టినంత పనిచేసి.

"గొర్రె సచ్చేకి ఒగటి చాలన్నా. తిప్పు బండి."

కదిరప్ప గొణుగుతూ బండి వెనక్కు తిప్పాడు.