పట్టీ కింద పాత చీర

కడపలో ఒక ప్రైవేటు ల్యాబులో రక్తం తీసే పని శిల్పది. పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఒకటే ప్రశ్న అడుగుతుంది: "నొప్పి తెలిసిందా?" తెలీలేదంటారు. ఆమె చెయ్యి అంత తేలిక. ముసలివాళ్ళు కొందరు ఆమె డ్యూటీలో ఉందో లేదో కనుక్కుని మరీ వస్తారు.

పోయిన ఎండాకాలం ఆమెకు నెలలు నిండాయి. ఆపరేషన్ చేసి బిడ్డను తీశారు. ఆడపిల్ల. ఏడవలేదు. దీనికి ముందూ వెనకా కథ లేదు. ఎవరి తప్పూ లేదని డాక్టర్లు చెప్పారు. తిట్టడానికి మనిషి దొరక్కపోయేసరికి బంధువులు ఓదార్పులోకి దిగారు. దేవుడు మళ్ళీ ఇస్తాడన్నారు. పోయినసారి ఇచ్చిన తీరు చూశాక కూడా మళ్ళీ ఆయన్నే ఎందుకు అడగాలో ఎవరూ చెప్పలేదు. కాలమే అన్నీ మాన్పుతుందన్నారు. కాలం కుట్లు మాన్పింది, అంతవరకే. వాటి చుట్టూ అరచేతి మేర చర్మం మొద్దుబారిపోయింది. గిల్లినా తెలీదు. కొందరికి స్పర్శ తిరిగొస్తుంది, కొందరికి రాదు అంది డాక్టరమ్మ. శిల్ప సరే అంది.

ఆ రోజుల్లో ఆమె అన్నిటికీ సరే అనేది. టీవీ పెట్టనా అని భర్త శ్రీకాంత్ అడిగితే సరే. తీసెయ్యనా అంటే సరే. అందుకని ల్యాబు రిసెప్షన్లో కూర్చునే శిరీన్ ఒకరోజు "అక్కా, గండికోటకు ఆడోళ్ళమే పోతాండాం. లోయ అంచెంబడి రెండు రోజుల నడక, రాత్రికి గుడారం. ఎవురి సంచి వాళ్ళే మోసుకోవాల. నీ పేరు చెప్పేదా?" అంటే, దానికీ సరే అంది. శిరీన్ దాన్ని లెక్కలోకి తీసుకోలేదు. మర్నాడు శిల్పే వచ్చి "ఎట్లాంటి సంచి కొనాల?" అంది. రక్తం తీసేటప్పుడు అడిగేది కాక ఆమె నోట ఇంకో ప్రశ్న విని శిరీన్ చేతిలోని పెన్ను కింద పెట్టింది.

తనను తాను వెతుక్కోవడానికి జనం కొండలెక్కుతారని రాసేవాళ్ళున్నారు. రాసుకోనీ. శిల్ప దేన్నీ వెతకడం లేదు. ప్రతి ఆదివారం ఎవరో ఒకరు ఇంటికొచ్చి, పక్కన కూర్చుని, ఆమె చెయ్యి పట్టుకుంటున్నారు. ఆ చెయ్యి పట్టుకోనివాళ్ళ మధ్య రెండు రోజులు ఉండాలి. ఆమెకు కావలసింది అదొక్కటే.

దానికో అడ్డు ఉంది. వీళ్ళను తీసుకెళ్ళేది హెన్రీ సార్, రిటైరైన డ్రిల్లు మాస్టరు. ప్రయాణానికి ముందు ఆదివారం కమలాపురం దగ్గర పాపాఘ్ని ఏటి ఇసకలో నిండు సంచితో నడవాలి. మధ్యలో సంచి దించినవాళ్ళకు గండికోట లేదు.

సంచి కోసం అయాజ్ బ్యాగుల షాపుకు పోయారు. అతను గులాబీ రంగుది తీసి బల్లమీద పెట్టాడు.

"ఆడోళ్ళ బ్యాగక్కా."

"గులాబీ రంగేస్తే ఆడోళ్ళదైపోతాదా అయాజ్ భాయ్?" అంది శిరీన్.

"నేనేమన్నా కుట్టినానా? కంపెనీవాడు పంపిచ్చినాడు. నువ్వు ల్యాబులో కాదు, కోర్టులో ఉండాల్సింది."

రంగు మాట ఎలా ఉన్నా దాని వీపు కొలత నిజంగానే పొట్టి, శిల్పకు సరిపోయింది. మగవాళ్ళ సంచి వేసుకుంటే నడుం పట్టీ తొడలమీదికి జారుతోంది. "బరువు భుజాలమీద కాదక్కా, నడుం మీద కూర్చోవాల. బిందె యాడ పెట్టుకుంటారు, సరిగ్గా ఆడ," అని అయాజ్ పట్టీ బిగించుకొమ్మన్నాడు. బిగించుకుంది. "ఒరుసుకుంటాందా?" అంటే "లేదు" అంది. అబద్ధం కాదు.

నూలు బట్టలు వద్దన్నాడు, చెమటకు తడిస్తే ఆరవట. ఎండలో నూలు తప్ప ఎరగని ఊళ్ళో ఈ మాట చెప్పి బతకడం కష్టమే. ఆడవాళ్ళ ప్యాంటుకు జేబుల్లేవు, జేబులున్నట్టు కుట్లున్నాయి. కాబట్టి మగవాళ్ళది తీసుకుంది. నడుం దగ్గర లావుపాటి ఇనుప గుండీ. బూట్లు ఒక సైజు పెద్దవి. నడకలో లోపల వేసుకునే బాడీ కోసం ఇంకో షాపుకు పోతే అక్కడి అమ్మాయి సైజెంత అని అడిగింది. శిల్పకు తెలీదు. పాతది సరిపోదు. ఒళ్ళు ఒకందుకని పెరిగింది, అది జరగలేదు, ఒళ్ళు వెనక్కి రాలేదు. "కొలిచి చూడమ్మా" అంది, ఆ ఒళ్ళు తనది కానట్టు, రక్తం తియ్యమని వేరేవాళ్ళ చెయ్యి చాపినట్టు.

సాయంత్రాలు మిద్దెమీద సాధన. సంచిలో బియ్యం, నీళ్ళ సీసాలు వేసుకుని చుట్లు తిరిగింది. ఆమె తల్లి సిద్దమ్మ కాన్పుకని పత్తికొండ నుంచి వచ్చింది, ఇంకా పోలేదు. ఆరేసిన మిరపకాయలు ఎత్తుకుందామని మిద్దెక్కి ఆగిపోయింది.

"పాపా, నడుం కాడ ఆ మరకేంది?"

శిల్ప వంగి చూసుకుంది. రక్తం. పట్టీ ఒత్తిడికి గుండీ కుట్ల చివర గుచ్చుకుని తోలు లేచిపోయింది.

"నొప్పి ల్యాదా?"

"తెలీలేదు."

మగవాళ్ళ ప్యాంటు పోయింది, దాంతో జేబులూ పోయాయి. ఎలాస్టిక్ నడుముది తెచ్చుకుంది. గుండీ లేకున్నా పట్టీ అంచు పచ్చితోలు మీదే కూర్చుంటోంది. పట్టీ వదులు చేస్తే బరువంతా భుజాలకెక్కి, మిద్దెమీదే సంచి దించాల్సి వచ్చింది. ఇసకలో నడకకు ముందురోజు, శనివారం, శిరీన్ ఇంటికొచ్చి చూసింది.

"వచ్చే ఏడు పోదాం లే అక్కా."

"సరే," అంది శిల్ప.

శిరీన్‌కు ఆ సరే నచ్చలేదు. వంటింట్లో ఉన్న సిద్దమ్మకూ వినబడింది.

ఆదివారం తెల్లారేసరికి సిద్దమ్మ తన ట్రంకుపెట్టె తెరిచి కూతుర్ని పిలిచింది. చేతిలో పాత నూలు చీరను పొడుగ్గా చింపిన పేలికలు. మా సీమలో కాన్పయిన ఆడమనిషికి పొట్ట బిగించి నడికట్టు కడతారు. సిద్దమ్మ దానికోసం తన చీరను చింపి, ఉడకబెట్టి, ఆరబెట్టి ముందే తెచ్చిపెట్టుకుంది. ఆసుపత్రి నుంచి వచ్చిన రోజు ఇంటినిండా ఉన్న పెద్దలు బిడ్డ లేనిదానికి నడికట్టేంది అన్నారు. వేన్నీళ్ళు పొయ్యలేదు, సాంబ్రాణి వెయ్యలేదు. బిడ్డతోపాటు శిల్ప బాలింతరికాన్నీ లేదనేశారు. ఆచారం అంటే ఇష్టం లేనివాళ్ళకు కూడా ఇది అన్యాయంగానే కనబడాలి. కత్తి పడింది శిల్ప పొట్టమీదే కదా. సిద్దమ్మ ఆ రోజు ఎదురు చెప్పలేదు. పేలికలు మడిచి పెట్టెలో పెట్టింది.

"చేతులు పైకెత్తు."

"ఏంది మా అది?"

"నీదే."

పచ్చిచోట దూది పెట్టి, దానిమీద పేలిక చుట్టుకుంటూ వచ్చింది. ప్రతి చుట్టుకూ లాగింది. శిల్ప గోడకు ఒక చెయ్యి ఆనించి నిలబడింది.

"బిగువు చాలా?"

"తెలీడం ల్యా."

"నాకు తెలుస్తాది లే," అని సిద్దమ్మ వేళ్ళు దూర్చి చూసి, ఇంకొకసారి లాగి ముడేసింది. దానిమీద ప్యాంటు, దానిమీద చొక్కా, అన్నిటిమీదా సంచి పట్టీ.

పాపాఘ్నిలో ఇసక మడమల దాకా దిగుతోంది. ముందు ఒకావిడ సంచి దించేసి కూర్చుంది. శిల్ప పక్కన నడుస్తూ శిరీన్ "ఉండావా?" అని మాటిమాటికీ అడిగింది. ఉన్నానంది. అవతలి గట్టెక్కాక హెన్రీ సార్ ఆమె పట్టీ పట్టుకుని ఒకసారి ఊపి చూశాడు. కదల్లేదు. "సంచి కట్టుకోవడం ఎవురు నేర్పిచ్చినారమ్మా?"

"మా అమ్మ."

"వచ్చే శనివారం లేటుగా రావద్దు," అని అతను పక్కమనిషి దగ్గరికి పోయాడు.

ఇంటికొచ్చి కట్టు విప్పితే దూది తెల్లగానే ఉంది. సిద్దమ్మ పేలికలు ఉతికి మిద్దెమీద తీగకు ఆరేసింది. అట్లాంటివి ఆరేస్తే ఈ వీధిలో ఎవరికీ వివరం చెప్పక్కర్లేదు. పక్క మిద్దెమీది ఆవిడ పిట్టగోడ దగ్గరికొచ్చింది.

"ఎవురు సిద్దమ్మక్కా మీ ఇంట్లో బాలింత?"

"నా బిడ్డ."

"ఇప్పుడా?"

"అప్పుడు కట్టల్యా. ఇప్పుడు కట్టినా."

శిల్ప మెట్లమీద కూర్చుని బూట్లలోని ఇసక దులుపుకుంటోంది. విన్నది. ఏడవలేదు, ఏడుపు రాలేదు. రెండో బూటు కూడా దులిపి, లేచి, తీగ దగ్గరికి వచ్చింది. ఒక పేలిక ఆరిందో లేదో పట్టుకు చూసింది.

"మా, ముడి ఎట్లేసినావు? ఆడ నేనే కట్టుకోవాల గదా."

సిద్దమ్మ ఆరిన పేలిక తీగమీంచి లాగి, తన నడుముకే చుట్టుకుని, మెల్లగా, రెండుసార్లు వేసి చూపించింది.