మునిరత్నం మేస్త్రీ మూయని గోడ

ఫిబ్రవరి మూడో తేదీ, ఉదయం ఆరు గంటల పది నిమిషాలు. మా హాలు గోడ అడుగున అరచేయంత చెమ్మ మచ్చ నాకు మొదటిసారి కనిపించిన సమయం అది. ఐదేళ్ళ నాటి డైరీలో ఉంది. ఈ ఉదయం ఎదుటి ఫ్లాటులో ఎవరో బకెట్టులో జిప్సం పొడి కలుపుతుంటే, తడిసిన సుద్ద వాసన మా గుమ్మం దాకా వచ్చింది. వెంటనే మునిరత్నం మేస్త్రీ గుర్తుకు వచ్చారు. ఆయన పోయి రెండేళ్ళవుతోంది. మా ఇంట్లో ఆయన పనిచేసింది నాలుగు రోజులే.

తిరుపతిలో మేముండేది రెండో అంతస్తు. హాలుకూ స్నానాల గదికీ మధ్య ఉన్నది ఇటుక గోడ కాదు; ఇనుప చట్రానికి రెండు వైపులా జిప్సం బోర్డులు బిగించిన గోడ. మిద్దె మీది ట్యాంకు నుంచి మా నీళ్ళ పైపు దాని లోపలే దిగుతుంది. ఆరో తేదీన ప్లంబరు వచ్చి, బోర్డు అడుగున రెండడుగుల మేర కోసి, పైపు జాయింటు మార్చి, "అయిపోయింది సార్" అని వెళ్ళిపోయాడు. పదో తేదీన మచ్చ మళ్ళీ వచ్చింది. తప్పు మా పైపుది కాదు గనుక పై అంతస్తు సరోజమ్మగారిదే అని తేల్చుకున్నాను. ఆవిడ ఒంటరిగా ఉండే రిటైర్డు నర్సు; సాయంత్రాలు నా భార్యతో కబుర్లకు దిగివచ్చేవారు. ఫ్లాట్ల కమిటీకి ఉత్తరం రాశాను. పన్నెండో తేదీన కమిటీవాళ్ళు ఆవిడ ఫ్లాటుకు నీళ్ళు ఆపేశారు. అయినా చెమ్మ తగ్గలేదు. ఆవిడే రహస్యంగా మిద్దె మీది వాల్వు తిప్పుతున్నారనుకుని, దానికి నల్లదారం కట్టివచ్చాను. దారం తెగలేదు. విప్పి మళ్ళీ కట్టారేమో అనుకున్నాను. నేను బస్సు డిపోలో రాకపోకల సమయాలు రాసే ఉద్యోగిని. మనుషులు సమయం గురించి ఎన్ని అబద్ధాలు చెబుతారో ఎరిగినవాణ్ణి.

ఇరవై ఒకటో తేదీన కోసిన గోడ పూడ్చడానికి మునిరత్నం మేస్త్రీ వచ్చారు. పుత్తూరు మనిషి, శ్రీ సిటీలో ఫ్యాక్టరీ ఆఫీసులకు ఇలాంటి గోడలే కట్టి కట్టి నడుము వంగినవారు. బోర్డు ముక్క కొలిచారు గానీ బిగించలేదు. జేబులోంచి విభూతి పొట్లం తీసి, పైపును గుడ్డతో తుడిచి, పొడవునా పూశారు.

"పూజ చేస్తా ఉండావా మేస్త్రీ?" అన్నాను.

"నీళ్ళు యాడనించి వస్తాయో సామి సెప్తాడు సామీ. రేపటిదాకా మూయను."

కూలి పెంచుకునే ఎత్తు ఇది అనుకున్నాను. ఆ సాయంత్రం ఆయన వెళ్ళాక నేను కొనిచ్చిన డబ్బాలోని స్క్రూలు లెక్కపెట్టాను. అరవై. మరునాడు ఆయన చట్రం సరిచేసి భోజనానికి వెళ్ళినప్పుడు మళ్ళీ లెక్కపెట్టాను. యాభై తొమ్మిది. తిరిగిరాగానే అడిగేశాను.

మేస్త్రీ నవ్వారు. "ఒగటా? అది మీ సట్రంలోనే ఉండాది. ఇప్పి సేతిలో పెట్టమంటారా? గోడ పడితే మటుకు నన్ను అడగొద్దు."

పైపు మీది విభూతి మీద మాత్రం సన్నటి తడి గీత పైనుంచి దిగి ఉంది. "చూసినావా! పైనుంచే!" అన్నాను, గెలిచినవాడిలాగా. ఆయన పైకప్పు దగ్గర జానెడు బోర్డు కోసి, అక్కడి పైపుకూ విభూతి పూశారు. ఇరవై మూడో తేదీ ఉదయం అది పూసింది పూసినట్టే పొడిగా ఉంది. పైన పొడి, కింద తడి. రెంటికీ నడుమ ఉన్నది గోడ మీది వెంకటేశ్వరస్వామి పటం.

"దీన్ని దించాల," అన్నారు మేస్త్రీ.

"గృహప్రవేశం రోజు పెట్టిన పటం, కదిలించకూడదు," అని నా భార్య సుశీల అడ్డుపడింది. ప్లంబరుతోనూ ఆ మాటే అంది. అందుకే అతను పటం జోలికి పోకుండా కింద కోశాడు. మేస్త్రీ చేతులు కడుక్కొని, పటాన్ని కళ్ళకద్దుకుని దించి, దాని వెనక బోర్డు కోశారు. మేకు బోర్డును దాటి పైపులో దిగి ఉంది. ఇన్నాళ్ళూ బిగువుగా ఉన్నది తుప్పు పట్టి వదులైంది; దాని చుట్టూ నీటిబొట్టు.

ఆ మేకు కొట్టింది నేను. ముహూర్తం తప్పకుండా, ఉదయం తొమ్మిది గంటల పన్నెండు నిమిషాలకు; డైరీలో ఉంది.

మధ్యాహ్నానికి ప్లంబరు పైపు ముక్క మార్చాడు. "ఇంక మూసెయ్ మేస్త్రీ," అన్నాను. "కమిటీకి నేను ఏదో ఒకటి చెప్పుకుంటాను."

ఆయన తాపీ పక్కన పెట్టారు. "ఎవురి మింద నింద పడిందో ఆళ్ళు సూడకుండా నేను గోడ మూయను సామీ. మూసినాక మీ మాట ఎవురు నమ్మేది? పైనమ్మని పిలిసేది మీరా, నేనా?"

మెట్లు పద్దెనిమిది. నేనే ఎక్కాను. సరోజమ్మగారు దిగివచ్చి, గోడలోకి వంగి, ఊడదీసిన పైపు ముక్కలోని మేకును వేలితో తాకి చూశారు.

"నేనే కొట్టినానమ్మా," అన్నాను.

"పదకొండు దినాలు. కిందనించి దినానికి నాలుగు బిందెలు. లెక్కలు రాసేది మీరే గదా సార్, ఇది గూడా రాసుకోండి," అని వెళ్ళిపోయారు. మరునాడు మేస్త్రీ గోడ మూశారు.

అనుమానం నన్ను వదిలిపోలేదు. కాని ఆ తరువాత డిపోలో ఏ డ్రైవరు ఆలస్యం మీద నివేదిక రాసినా, పైకి పంపే ముందు ఆ డ్రైవరునే పిలిచి, కాగితం చేతికిచ్చి, చదివేదాకా నిలబడుతున్నాను. ఇప్పటికి ఏడు కాగితాలు అలా చింపేయవలసి వచ్చింది.

పోయినవి: సరోజమ్మగారు మోసిన నలభై నాలుగు బిందెల నీళ్ళు, సుశీలతో ఆవిడ సాయంత్రపు కబుర్లు, ఐదేళ్ళుగా.

మిగిలినవి: పొడిగా ఒక గోడ, ఏడుగురు డ్రైవర్ల పలకరింపు.