ముగ్గురికీ తాత పేరే

మా ఇంట్లో మా తాత పేరున్న మనవళ్ళు ముగ్గురు. పెద్దకొడుకు తన కొడుక్కి తండ్రి పేరు పెట్టుకుంటే రెండోవాడు ఊరుకోడు. మూడోవాడు మాత్రం తండ్రికి కానివాడా? పైగా అది తిరుత్తణి కొండమీది స్వామి పేరు, కాదనే ధైర్యం ఎవరికీ లేదు. ఇంట్లో పెద్దోడు, నడిపోడు, చిన్నోడు అని పిలుచుకుంటాము. అసలు పేరుతో పిలిస్తే, పక్కవాణ్ణి పిలిచారనుకొని ముగ్గురూ పలకరు.

ఈ సంగతికీ కంప్యూటర్లకూ సంబంధం మా అక్క కూతురి ఉద్యోగం వల్ల వచ్చింది. పెళ్ళికి ముందు చెన్నైలో డేటాబేసుల పని చేసింది. పిల్లలు పుట్టాక మానేసింది. మళ్ళీ చేరదామంటే ఇన్నేళ్ళు ఏం చేశావని అడిగేవాళ్ళే అందరూ. చివరికి చెన్నైలో ఒక కంపెనీవాళ్ళు, వీడియోలో మా ఎదుట ఒక క్లస్టరు కట్టి చూపించు, చూస్తాం అన్నారు. క్లస్టరంటే ఒకే డేటాను మూడు కంప్యూటర్లు పంచుకొని, ఒకదానికొకటి కబురు చెప్పుకుంటూ మోయడం. ఒకటి పడిపోయినా మిగతా రెండూ పని ఆగనివ్వకూడదు.

మూడు కంప్యూటర్లు అక్కర్లేదు. ఒక గట్టి కంప్యూటరు లోపల మూడు ఉత్తుత్తి కంప్యూటర్లను నిలబెట్టవచ్చు, వర్చువల్ మిషన్లంటారు. ఆ గట్టి కంప్యూటరు తిరువళ్ళూరు స్టేషను దగ్గరి ట్రైనింగు సెంటరులో ఉంది. దాని యజమాని నాకు స్నేహితుడు. పొద్దున అకౌంట్స్ క్లాసు మొదలయ్యేదాకా వాడుకోమన్నాడు. చిక్కేమిటంటే, పిల్లలు సినిమాలు నింపకుండా, ఆ కంప్యూటరు ప్రతి సాయంత్రం కొత్తదానిలా తుడుచుకుపోయేట్టు అమర్చి పెట్టాడు. ఈమె తిరుత్తణి నుంచి రైలెక్కి వచ్చి, రోజూ మూడు మిషన్లనూ మొదటినుంచి చేత్తో కట్టుకోవాలి. మూడోది సగంలో ఉండగా క్లాసువాళ్ళు తలుపు దగ్గర చెప్పులు విడిచేవారు. అసలు సాధన చెయ్యడానికి పొద్దు చాలేది కాదు.

నేను ఆవడిలో ఒక ఫ్యాక్టరీ ఆఫీసులో కంప్యూటర్లు చూసుకుంటాను.

"స్క్రిప్టు రాసిస్తాలే పాపా, నువ్వు చేత్తో చేసేదంతా వరసగా అదే చేసేస్తాది. ఎంటరు కొట్టి కాఫీకి పో. నువ్వొచ్చే లోపల మూడూ స్నానం చేసి, బొట్టు పెట్టుకొని నిలబడి ఉంటాయి" అన్నాను.

"ఇన్వర్టరు బిగించేటప్పుడూ ఇట్లే చెప్పినావు మామా. ఫ్యాను వెనక్కి తిరిగింది."

"గాలొచ్చిందా, లేదా?"

యజమానికి కూడా ముందే చెప్పి ఉంచాను. ఆవడిలో ఈ స్క్రిప్టు నడిపినప్పుడు కంప్యూటరు ఫ్యాను గాలికి గోడమీది క్యాలెండరు లేచిపోయి కడంబత్తూరు స్టేషనులో దిగిందని. ఆయన నవ్వలేదు. తన క్యాలెండరుకు ఇంకొక మేకు కొట్టాడు.

పెన్‌డ్రైవులో ఒక్క మిషనుకే చోటుంది. దాన్ని శ్రద్ధగా తయారుచేసి, తాత పేరే పెట్టాను. స్క్రిప్టు దానికి మూడు నకళ్ళు తీసి, మూడు వేరు వేరు అడ్రసులిచ్చి, డేటాబేసు ఎక్కించి, ముగ్గురినీ కలుపుతుంది. తెరమీద ఒక్కో మిషను కనబడే కిటికీ నెత్తిన పెద్దోడు, నడిపోడు, చిన్నోడు అని రాయించాను. లోపల మాత్రం మూడింటికీ ఒకటే పేరు. నా కంట పడింది కూడా. మా ఇంట్లో పుట్టినవాడికి అందులో వింత ఏముంది?

మూడూ లేచి నిలబడ్డాయి. క్లస్టరులో ఎవరెవరు చేరారో చూపే పట్టికలో మాత్రం ఎప్పుడు చూసినా ఒక్కటే కనబడేది. రెండోది చేరితే మొదటిది మాయం, మూడోది చేరితే రెండోది మాయం. నేను నెట్‌వర్కును తిట్టాను. యజమాని అమావాస్యను అనుమానించాడు. ఇంటర్వ్యూ మర్నాడే. ఆమె తెరమీది వరుసలు చదువుతూ పోయింది.

"మామా, లోపల మూడిటికీ ఒకటే పేరు పెట్టినావా?"

"బయట రాసినాను గదా, పెద్దోడు, నడిపోడు అని."

"అది నీకు తెలుస్తాది. దానికెట్ల తెలుస్తాది? నడిపోడొచ్చి పేరు చెప్తానే, పెద్దోడే మళ్ళా వచ్చినాడనుకొని, పాతోణ్ణి కొట్టేసి ఈణ్ణి రాసుకుంటా ఉండాది."

"మనింట్లో ఎవురూ ఎవుర్నీ కొట్టేయలేదే."

"మనింట్లో అవ్వ ఉండాది. మొహం చూసి అన్నం పెడతాది. దీనికి మొహాలు యాడ తెలుస్తాయి? బళ్ళో ముగ్గుర్నీ ఎట్ల పిలిచినారు?"

"ఇనిషియల్‌తో. తండ్రులు వేరు గదా."

"అదే పెట్టు. వద్దు, నువ్వు జరుగు."

కీబోర్డు లాక్కుంది. నకలు తీయగానే పేరుకు ముందు ఒక అక్షరం చేరేటట్టు రాసింది. నకలుతోపాటు వచ్చిన లోపలి గుర్తింపు సంఖ్యను చెరిపేసి, మొదటిసారి లేచినప్పుడు ఎవరిది వాళ్ళే కొత్తది తెచ్చుకునేటట్టు చేసింది. ఎంటరు కొట్టింది. నేను కాఫీకి వెళ్ళి వచ్చేసరికి పట్టికలో ముగ్గురూ ఉన్నారు.

మర్నాడు నేనూ యజమానీ బయట బెంచీమీద కూర్చున్నాము. తలుపు ఓరగా తెరిచి ఉంది. వీడియోలో కంపెనీ తరఫున ఒక ఆవిడ, ఒకాయన. మాటలన్నీ ఇంగ్లీషులోనే జరిగాయి. ఒకదాన్ని ఆపమన్నాడాయన. ఆమె మిగతా రెంటికీ పెద్దగా ఉన్నదాన్నే ఆపింది. తెరమీద నడుస్తున్న లెక్కలు ఒక్క క్షణం తడబడ్డాయి. మిగిలిన రెండూ తమలో ఒకదాన్ని పెద్దగా ఎంచుకున్నాక మళ్ళీ సాగాయి.

"స్క్రిప్టు మీరే రాశారా?"

నేను బయటినుంచి, అవునను అని చెయ్యి ఊపాను. ఆమె నా వైపు చూసింది.

"మా మామ రాశాడండి. అది పనిచేయలేదు. ఎందుకు చేయలేదో కనిపెట్టి, చేసేటట్టు మార్చింది నేను" అంది.

ఎందుకు చేయలేదని వాళ్ళడిగారు. తాతతో మొదలుపెట్టి అంతా చెప్పింది. తర్వాత ఆవిడ, "మా ఇంట్లో అలాంటివాళ్ళు ఇద్దరున్నారు" అంది. ఎప్పుడు చేరగలవని అడిగింది ఆ తర్వాతే.

ఆమె బయటికి వచ్చింది. క్లాసువాళ్ళు లోపలికి పోయారు.

"ఏమిటికి మామా చెయ్యి ఊపినావు? రాసింది నేనే అనింటే, ఈ వరస ఎందుకు రాసినావు, ఆ వరస ఎందుకు రాసినావని నన్ను గదా అడిగేది."

వచ్చే నెలనుంచి ఆవడి దాకా ఇద్దరం ఒకే రైల్లో పోవచ్చునన్నాను.

"కథలు చెప్పకుంటే పోదాం" అంది, చెప్పులు వేసుకుంటూ.