పన్నీరులోనూ నీరుంది కదా, ఫాదర్!

ఆరో తరగతిలో మా లెక్కల సారు నా తల మీద మొట్టి, "వీడికి లోపల పైపేదో మూసుకుపోయిందిరా, ఏం పోసినా దిగదు" అన్నారు. ఆ ఏడే బడి మానేశాను. చివరికి మూసుకుపోయిన పైపులు తెరవడమే నా బతుకుదెరువైంది. సారుకి లెక్కలతోపాటు జ్యోతిషం కూడా వచ్చన్నమాట.

రెండేళ్ళ కిందట, దోహాలో ఒక శుక్రవారం పొద్దున క్యాథలిక్ గుడి నుంచి ఫోన్ వచ్చింది. ఇక్కడ సెలవు శుక్రవారం కాబట్టి వాళ్ళ ఆదివారం పూజ కూడా ఆ రోజే. జ్ఞానస్నానపు రాతి తొట్టి కింద నీళ్ళు కారుతున్నాయట. పూజ అవగానే అందులో ఒక పసిపాపకు జ్ఞానస్నానం చేయించాలి.

తొట్టి కింద ట్రాప్ ఉంటుంది. నీళ్ళు పోయే గొట్టానికి పెట్టే వంపు అది. అందులో ఎప్పుడూ కాసిని నీళ్ళు నిలిచి కింది వాసనను పైకి రానివ్వవు. రెంచి పెట్టగానే ఆ పాత ఇత్తడి ట్రాప్ అప్పడంలా విరిగింది. కొత్తది తెద్దామంటే మధ్యాహ్నం నమాజు అయ్యేదాకా హార్డ్‌వేర్ షాపులు తెరవరు.

పాప తండ్రి ఆంథోనీ దోహా పక్కనే ఉన్న అల్ రయ్యాన్‌లో ఫోర్‌మన్. అతని తల్లి మరియమ్మగారు ఏలూరు దగ్గరి ఊరి నుంచి విజిట్ వీసా మీద వచ్చారు. మధ్యాహ్నానికల్లా ఆమె తిరుగు విమానానికి బయల్దేరాలి. మనవరాలి జ్ఞానస్నానం కళ్ళారా చూసి వెళ్ళాలని ఆమె ఆశ. తెలుగు ఫాదర్ కొత్త స్టీలు బేసిన్, సీసా నీళ్ళు తెప్పించారు. ఆమె పాపను గుండెకు హత్తుకుని వెనక్కి జరిగారు.

"రాతి తొట్టి లేకుండా జ్ఞానస్నానమేంటండీ ఫాదరూ? పూజలో లాటిన్ తీసేశారు, ఊరుకున్నాం. ఆదివారాన్ని శుక్రవారం చేశారు, ఊరుకున్నాం. ఇప్పుడు పిల్లకి గిన్నెలో స్నానమా? నేనివ్వను."

"అమ్మా, ఫ్లైటుకి టైమైపోతోందే..." ఆంథోనీ ఏడవడమొక్కటే తక్కువ.

ఆమె సంచిలోంచి తొంగిచూస్తున్న పన్నీరు సీసా నా కంట పడింది. నోరు ఊరుకుంటుందా?

"అమ్మా, గిన్నె చిన్నదైతే ఏంది, పోసేది గొప్పగ పోద్దాం. గా పన్నీరు పోస్తే గుడంత గమ్మంటది!"

ఆమె ముఖం వెలిగింది. సీసా తీసి ఫాదర్‌కి అందించబోయారు.

"కుదరదు" అన్నారు ఫాదర్.

"పన్నీరుల గూడ నీరుంది గద ఫాదర్?" అన్నాను.

"పేరులో ఉంది. పోయాల్సింది నీళ్ళే." ఆయన మరియమ్మగారి వైపు తిరిగారు. "అమ్మా, తొట్టి సంగతి నేను తేల్చగలను. శుక్రవారం సంగతి బిషప్‌గారు తేల్చారు. నీళ్ళూ, పోస్తూ పలికే మాటలూ మాత్రం పోపుగారు కూడా మార్చలేరు. అవి ప్రభువు ఇచ్చినవి."

"నేను చూడకుండానే విమానం ఎక్కేస్తే?"

"మీరు ఎక్కేసినా సరే, మార్చను."

ఆమె ఆయన్ని ఎగాదిగా చూశారు. "అయితే మీరు ముట్టుకోలేనిది కూడా ఒకటి మిగిలిందన్నమాట! ఇన్నాళ్ళూ ఏదీ మిగలదేమోనన్నదే నా బెంగ" అంటూ పన్నీరును సంచిలో పడేసి, పాపను బేసిన్ మీదికి వంచారు. బేసిన్ పట్టుకున్నది నేనే. ఫాదర్ మూడుసార్లు నీళ్ళు పోశారు. పాప గుడి పైకప్పు లేచిపోయేలా ఏడ్చింది, నాయనమ్మ చప్పుడు లేకుండా ఏడ్చింది.

షాపులు తెరిచాక ప్లాస్టిక్ ట్రాప్ బిగించాను. ఇత్తడిదైనా ప్లాస్టిక్‌దైనా పని నడుస్తుంది. వంపులో నీళ్ళు నిలవకపోతే మాత్రం అది ట్రాపే కాదు. అన్నీ మార్చొచ్చనే ప్లంబరునీ, ఏదీ మార్చకూడదనే ప్లంబరునీ ఆ రోజు నుంచి నేను పనిలోకి పిలవడం లేదు.

విమానం ఎక్కేముందు మరియమ్మగారు, ఆమెను దించి గుడికి తిరిగొచ్చిన ఆంథోనీకి వీడియో కాల్ చేస్తే, నేనూ తల దూర్చాను.

"అమ్మా, రాతి తొట్టి మంచిగైంది. పాపకు అండ్ల ఇంకోపారి పోయిద్దామా?"

"అది ఒక్కసారే పోస్తారు నాయనా. మళ్ళీ మళ్ళీ చేయించుకోడానికి అదేమన్నా నువ్వు చేసిన రిపేరా?"