కిటికీ అక్క వదిలేసిన చెయ్యి

లోకంలో పేరు మోసిన మనుషులంతా ఆవిడ వెనకాల నిలబడి ఉండేవారు. ఆవిడ మాత్రం పదిహేడేళ్లుగా వాళ్లకి వీపు పెట్టి కూర్చుంది. మైనపు బొమ్మల మ్యూజియంలో టికెట్ల కిటికీ ఆవిడది. అందుకే అక్కడ పనిచేసేవాళ్లు చిన్నా పెద్దా అందరూ కిటికీ అక్క అనేవారు. అసలు పేరు ఆవిడకే ఎప్పుడైనా గుర్తొచ్చేది.

ఒక గాజు పలక, దాని కింద చెయ్యి పట్టేంత సందు, ఒక ఎత్తు స్టూలు, మోకాళ్లకు గాలి కొట్టే చిన్న ఫ్యాను. ఆవిడ రాజ్యం అంతే. అక్కడ కూర్చుంటే మనుషులు ఎంత వింతవాళ్లో తెలుస్తుంది. ఎదురింటాయన ఎదురుపడితే ఫోన్లో తల దూర్చేవాళ్లు, కదలని మెదలని బొమ్మ పక్కన నిలబడి నవ్వడానికి ఎండలో గంటసేపు క్యూ కడతారు.

టికెట్టు చేతికిచ్చేముందు ప్రతి ఒక్కరినీ ఒక ప్రశ్న అడగాలి. "ఎవర్ని చూడ్డానికొచ్చారు?" వాళ్లు చెప్పిన పేరుకి ఎదురుగా పుస్తకంలో ఒక గీత గీయాలి. ప్రశ్న వినడానికి మర్యాదగానే ఉంటుంది గానీ, దాని వెనక సంగతి వేరు. ఏడాది చివర ఎవరికి అందరికంటే తక్కువ గీతలుంటే ఆ బొమ్మను తీసేస్తారు. బొమ్మలో తల, చేతులు మాత్రమే మైనం. బట్టల లోపలంతా ఇనప చువ్వలూ గుడ్డ పేలికలే. ఆ తలనీ చేతుల్నీ కరిగించి, కొత్తగా పేరొచ్చినవాడి తల పోస్తారు.

ఆ బొమ్మల్లో ఒక గాయకుడున్నాడు. ఒకప్పుడు ఏ ఇంట్లో విన్నా ఆయన గొంతే. బొమ్మ కోసం కొలతలివ్వడానికి వచ్చినప్పుడు ముఖానికి రెండు గంటలు ఓపిగ్గా కూర్చుని, చేతుల వంతు వచ్చేసరికి గడియారం చూసుకుని లేచాడు. "మొహం నాదైతే చాలు, చేతులు ఎవరివైతేనేం?" అన్నాడట. అప్పుడు, వర్క్‌షాపులో మైనం కరిగించే పనిలో ఉన్న కిటికీ అక్క భర్త తన చేతులిచ్చాడు. ప్లాస్టరు గట్టిపడేదాకా నలభై నిమిషాలు కదలకుండా కూర్చున్నాడు. ఆయన ఎడమచేతి చిటికెన వేలు వంకర. చిన్నప్పుడు తలుపు సందులో పడి విరిగింది. బొమ్మలు చేసే మాస్టారు, మైనంలో ఆ వేలు సరిచేస్తానన్నాడు.

"ఉండనివ్వండి మాస్టారూ. మొత్తం బొమ్మలో అదొక్కటే నాది," అన్నాడు భర్త.

బొమ్మ నిలబెట్టిన రోజు గాయకుడు ఆ ఎడమచెయ్యి పట్టుకుని చూసి, "నా వేలు ఇలా ఉంటుందా?" అని పక్కవాళ్లను అడిగాడు. "ఉంటుందండి," అన్నారు పక్కవాళ్లు. పేరున్నవాళ్ల పక్కన తిరిగేవాళ్లు అంతకంటే ఏమంటారు?

బొమ్మ నిలబెట్టిన రెండో ఏడు భర్త జ్వరంతో ఆసుపత్రిలో పడ్డాడు. పదకొండు రోజులు ఆవిడ ఆ ఎడమచెయ్యి పట్టుకునే కూర్చుంది. పన్నెండో రోజు పొద్దున నర్సు వచ్చి, కింద కౌంటర్లో ఒక కాగితం నింపి రమ్మంది. ఆవిడ చెయ్యి వదిలి వెళ్లింది. కౌంటర్లో కూర్చున్న మనిషి తీరిగ్గా పేరు, వయసు, రోగికి ఏమవుతారు అని ఒక్కొక్కటే అడిగింది. తిరిగి పైకొచ్చేసరికి ఆ చెయ్యి చల్లబడిపోయి ఉంది. పావుగంట కూడా పట్టలేదు. పట్టుకుని కూర్చున్నా అంతేనని డాక్టరు చెప్పాడు, చుట్టాలు చెప్పారు. ఎవరెన్ని చెప్పినా ఆవిడ మనసులో ఒకటే మాట పాతుకుపోయింది. నేను వదిలేశాను.

నెల తిరక్కుండానే పనిలోకి వచ్చింది. రోజూ తలుపులు తెరవడానికి పావుగంట ముందు, వెనక నడవాలోంచి తల దించుకుని, ఎవరి ముఖమూ చూడకుండా నేరుగా గాయకుడి గదికి వెళ్లేది. ఆ గాజుకళ్లంటే ఆవిడకి మొదటి నుంచీ భయం. నడుస్తుంటే వెనకాల అందరూ తనవైపు తిరిగినట్టుండేది. గాయకుడి ముందు నిలబడి, జనం వైపు చాచిన ఆ ఎడమచెయ్యినే చూసేది. బొటనవేలి గోరు మీద సన్నటి గాడి, మణికట్టు దగ్గర ఉబ్బిన నరం, వంకర చిటికెన వేలు. ముట్టుకునేది మాత్రం కాదు. టికెట్టు కొన్నవాళ్లు బొమ్మ చెయ్యి పట్టుకుని ఫోటో దిగొచ్చు గానీ, పనిచేసేవాళ్లు ముట్టుకోకూడదని రూలు. ఆవిడ ఆ రూలు చాటున దాక్కుంది. ఆ చెయ్యి మళ్లీ చల్లగా తగులుతుందేమోనన్నదే అసలు భయం.

ఇంతలో జనం ఆ గాయకుడిని మరిచిపోవడం మొదలుపెట్టారు. పుస్తకంలో ఆయన గీతలు రోజురోజుకీ పలచబడ్డాయి. ఇలాగే పోతే ఏడాది చివర ఆ చెయ్యి కరిగిపోతుందని కిటికీ అక్కకి అర్థమైంది.

చాలామంది ఆ ప్రశ్నకి "అందర్నీ" అంటారు. అలా అన్నవాళ్లకి ఏ గీతా గీయనక్కర్లేదు. ఆవిడ అలాంటివాళ్లందరి గీతలూ గాయకుడికి గీయసాగింది. అందరిలో ఆయనా ఉన్నాడు కదా, ఇది అబద్ధం ఎలా అవుతుందని తనకు తానే సర్దిచెప్పుకుంది. "లోపల చూడదగ్గవాళ్లెవరండీ?" అని ఎవరైనా అడిగితే, "ముందు గాయకుడి దగ్గరికెళ్లండి, ఎడమచెయ్యి పట్టుకోండి," అనేది. ఏడాది తిరిగేసరికి, ఎవరికీ గుర్తులేని మనిషి అయిదో స్థానానికి ఎగబాకాడు. మేనేజరు పొంగిపోయాడు. జనానికి అభిరుచి ఇంకా చావలేదని అందరితో చెప్పుకుని, గాయకుడికి కొత్త కోటు కుట్టించి, నెత్తిన పెద్ద దీపం పెట్టించాడు.

ఆ దీపం వచ్చిన వారంలోనే ఆవిడకి చప్పుడు వినబడింది. భర్తకి బతికున్నప్పుడు ఒక అలవాటు. ఏదడిగినా జవాబు చెప్పేముందు ఆ వంకర వేలితో బల్ల మీద రెండుసార్లు కొట్టేవాడు. గాయకుడి గదిలో నిలబడి ఆవిడ మనసులో ఏదైనా అడిగితే చాలు, ఎక్కడి నుంచో టక్, టక్ మనేది. ఒళ్లు జలదరించేది. అయినా మర్నాడు మళ్లీ వెళ్లేది. ఉండబట్టలేక ఒకసారి కరెంటు పనివాడిని అడిగింది.

"దీపం వేడెక్కుతుంటే దాని చుట్టూ ఉన్న రేకు సాగుతుందక్కా. అదే చప్పుడు," అన్నాడతను.

ఆవిడ తలూపింది. నమ్మిందా అంటే, సగం నమ్మింది.

అలా ఆరేళ్లు నెట్టుకొచ్చాక ఫోన్లో టికెట్లు బుక్ చేసుకునే ఏర్పాటు వచ్చింది. ఏ తేదీ, ఏ వేళ, ఎంతమంది అని ఫోనే అడుగుతుంది. చివర్లో బొమ్మల ఫోటోలన్నీ వరసగా చూపించి, ఒకరిని ఎంచుకోమంటుంది. అందరూ అని చెప్పడానికి అందులో చోటు లేదు. ఫోన్ వాడనివాళ్ల కోసం కిటికీ ఉంచారు గానీ, రోజుకి పదిమంది వస్తే గొప్ప. మూడు నెలల తర్వాత మేనేజరు చూసుకుంటే, గాయకుడిని ఎంచుకున్నవాళ్లు ఇద్దరంటే ఇద్దరు.

"అయిదో స్థానంలో ఉన్నాయన ఇలా ఎలా పడిపోయాడమ్మా?" అన్నాడు మేనేజరు కిటికీ దగ్గరికొచ్చి. "జనం మరీ ఇంత త్వరగా మారిపోతారా?"

"మారిపోతారండి," అంది కిటికీ అక్క.

"ఇక ఏడాది చివరిదాకా ఆగడమెందుకు? సోమవారం మనకి సెలవు కదా, ఆ రోజే తీసి కరిగించేయమన్నాను."

ఆ సాయంత్రం ఇంటికెళ్లి చాలాసేపు గుమ్మంలోనే కూర్చుంది. కాలేజీ చదువు కోసం ఆడపడుచు కూతురు ఆవిడ దగ్గరే ఉంటోంది. ఆ అమ్మాయిని పిలిచింది.

"నీ ఫోన్లో మా మ్యూజియానికి ఒక టికెట్టు బుక్ చెయ్యవే."

"ఎవరికత్తా?"

"నాకే. ఆదివారానికి."

అమ్మాయికి నవ్వాగలేదు. "ఇన్నేళ్లూ ఊరందరికీ టికెట్లమ్మి, ఇప్పుడు నువ్వు కొనుక్కుని వెళ్తావా? అడిగితే ఊరికే పంపరా?"

"ఊరికే వెళ్తే చూడనిస్తారు. ముట్టుకోవాలంటే టికెట్టుండాలి."

అమ్మాయి నవ్వు ఆగిపోయింది. మేనమామ చెయ్యి సంగతి దానికి తెలుసు. తేదీ నొక్కింది, పదకొండు గంటలకని నొక్కింది. ఫోటోల దగ్గరికి వచ్చేసరికి వేలు ఆపింది.

"ఈయనేనా? ఈయన పాట ఒక్కటైనా విన్నావా అత్తా?"

"విన్నాను. నాకు నచ్చవు. నొక్కు."

ఆ విధంగా గాయకుడికి మూడో మనిషి దొరికింది.

ఆదివారం సెలవు పెట్టి, జనంతో పాటు ముందు తలుపులోంచి లోపలికి వెళ్లింది. గాయకుడి గదిలో ఎవరూ లేరు. వెళ్లి బొమ్మ ముందు నిలబడింది. వచ్చానండీ, అని మనసులోనే అంది. టక్, టక్. ఆవిడ పళ్లు బిగించుకుని, చల్లదనానికి సిద్ధపడి, చెయ్యి చాచి ఆ ఎడమచెయ్యి పట్టుకుంది.

వెచ్చగా ఉంది.

నెత్తిన దీపం ఉందని తెలుసు. ఆ దీపం ఎవరి గీతల పుణ్యమో కూడా తెలుసు. అన్నీ తెలిసే ఆ చెయ్యి వదల్లేకపోయింది. ఎన్నాళ్ల నుంచో ఆగిన ఏడుపు ఒక్కసారిగా వచ్చింది. ఫోటో కోసం తొంగిచూసిన ఒకరిద్దరు, ఏడుస్తున్న ఆవిడని చూసి పక్క గదిలోకి జారుకున్నారు. అరగంటయింది, గంటయింది. మర్నాటి పని చూసుకుందామని వచ్చిన మాస్టారు గుమ్మంలో ఆగిపోయాడు. ఆయనకిప్పుడు జుట్టంతా నెరిసిపోయింది.

"ఎంతసేపైందమ్మా నువ్వొచ్చి?"

"నేను వదలను మాస్టారూ. ఒకసారి వదిలేశాను."

మాస్టారు బొమ్మ నిలబెట్టిన దిమ్మ మీద కూర్చున్నాడు. మోకాళ్లు రాసుకున్నాడు. చెప్పడానికి ఆయనకీ కష్టంగానే ఉంది.

"అది ఆ చెయ్యి కాదమ్మా. జనం పట్టుకుని పట్టుకుని చేతులు అరిగిపోతాయి. మూడేళ్లు కూడా ఆగవు. ఇది నాలుగోది. పోసి పది నెలలైంది."

ఆవిడ పట్టు సడలింది. "మరి ఆయనది?"

"మొదటిది ఎప్పుడో కరిగించేశాను. ఎక్కడికి పోతుందిలే, ఇక్కడే ఎవరి తలలోనో ఉండుంటుంది. అచ్చు మాత్రం నా దగ్గరుంది." మాస్టారు మెడ తిప్పి పక్క గదుల వైపు చూశాడు. "నీకొకటి చెప్పాలమ్మా, చెబుదామనుకుంటూనే ఇన్నేళ్లు గడిపేశాను. ఈ పేరున్నవాళ్లెవరికీ చేతులివ్వడానికి తీరిక ఉండదు. మీ ఆయనలా కదలకుండా కూర్చున్న మనిషి నాకు మళ్లీ దొరకలేదు. అందుకని ఆ అచ్చే అందరికీ వాడాను, మైనం వేడిమీదుండగా వేళ్లు కావలసినట్టు వంచుకుని. కొందరికి వేలు సరిచేశాను. మిగతావాళ్లకి బద్ధకించాను."

"ఎంతమందికి?"

"పద్నాలుగు మందికి."

మాస్టారు వెనకాల ఆవిడ నడిచింది. పదిహేడేళ్లలో మొదటిసారి ఆ గదుల్లో తలెత్తి నడిచింది. పుస్తకం మీద చెయ్యి వేసి కూర్చున్న న్యాయమూర్తి చిటికెన వేలు వంకర. బంతి పట్టుకున్న ఆటగాడి చేతి మీద ఆ ఉబ్బిన నరం. మందులు కనిపెట్టిన శాస్త్రవేత్త గోరు మీద ఆ గాడి. ఏ కోటు చేతిలోంచి చూసినా ఆయనే. పోయాడనుకున్న మనిషి ఇంతమంది ముఖాలు తగిలించుకుని, ఇన్నేళ్లూ తన వీపు వెనకే నిలబడి ఉన్నాడు. ఆదివారం కావడంతో గదులు కిటకిటలాడుతున్నాయి. ఒక చిన్నపిల్ల ఆటగాడి వంకర వేలు పట్టుకుని వేలాడుతోంది. ఒక ముసలాయన న్యాయమూర్తి చెయ్యి రెండు చేతులతో పట్టుకుని ఏదో చెప్పుకుంటున్నాడు. ఒక్క చెయ్యీ ఖాళీగా లేదు. ఆ గదుల్లో దీపాలు చిన్నవే. అయినా వెనక ఎక్కడో టక్ మంది. ఆవిడ కరెంటు పనివాడి మాట గుర్తు చేసుకుంటూ గబగబా నడిచింది.

వర్క్‌షాపులో ఎవరూ లేరు. మైనం కాచే గిన్నెలు చల్లారి ఉన్నాయి. మాస్టారు అరలోంచి తాడు కట్టిన ప్లాస్టరు దిమ్మ ఒకటి దించి, తాడు విప్పి, రెండు సగాలుగా తెరిచాడు. లోపల చెయ్యి లేదు. చెయ్యి ఉండాల్సిన చోటుంది.

ఆవిడ తన ఎడమచెయ్యి ఆ గుంటలో పెట్టింది. ఆయన చెయ్యి పెద్దది, ఆవిడ వేళ్లకి చుట్టూ చోటు మిగిలింది. చిటికెన వేలు వంకర తిరిగిన చోట తనూ వేలు వంచింది. ప్లాస్టరు చల్లగా ఉంది. ఇన్నేళ్లూ భయపడిన చలి అదే. చెయ్యి తీయలేదు. మాస్టారు ఏమనుకున్నాడో, రెండో సగం నెమ్మదిగా పైన మూశాడు. కాసేపటికి ఆవిడ ఒంటి వేడికే లోపలి చలి తగ్గింది.

ఇన్నేళ్లలో మొదటిసారి పైకే అడిగింది. "నేను వదిలేశాననుకున్నారా?"

అక్కడ దీపాల రేకులు లేవు, వేడెక్కడానికి ఏమీ లేదు. మూసిన ప్లాస్టరు లోపల నుంచి టక్, టక్ మంది.

మాస్టారు తలెత్తి చూశాడు. "నువ్వేనామ్మా కొట్టింది?"

తన వేలే కదిలిందో, ఏమైందో ఆవిడకే తెలియదు.

సోమవారం గాయకుడిని కరిగించారు. మంగళవారం కిటికీ అక్క ఎప్పటిలాగే స్టూలు మీద కూర్చుంది. ఫోన్లో బుక్ చేసుకోవడం రాని ముసలి దంపతులు మెట్లెక్కి వచ్చి గాజు మీద తట్టారు.

"లోపల ఎవర్ని చూస్తే బాగుంటుందమ్మా?" అనడిగింది ముసలావిడ.

"ఎవర్నైనా చూడండి," అని టికెట్లు సందులోంచి తోసింది కిటికీ అక్క. "చెయ్యి పట్టుకుంటే మాత్రం తొందరపడి వదలకండి."